రెండు ఉత్తరాలు, రెండు అరకలు

నా చిన్నప్పుడు అని మొదలుపెడుతున్నాను గానీ, అప్పటికి నాకు పదిహేడేళ్లు. మీసం వచ్చింది, బుద్ధి ఇంకా రాలేదు. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. బస్సులు ఎప్పుడు నడుస్తాయో, కాలేజీలు ఎప్పుడు తెరుస్తారో చెప్పగలిగేవాళ్లు లేరు. అలాంటి ఏడాదిలో, మొయినాబాద్ దగ్గర ఉన్న మా ఊరికి నా పేరున రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి పట్నం నుంచి, ఒకటి వరంగల్ నుంచి. రెండూ పేరున్న ఇంజనీరింగ్ కాలేజీలే. రెండింటిలోనూ నాకు సీటు వచ్చింది. పది రోజుల్లో ఏదో ఒకటి ఖాయం చేసుకొమ్మన్నారు.

నిజం చెప్పాలంటే, వరంగల్ వెళ్లాలని మొదటిరోజే నిర్ణయించుకున్నాను. అక్కడి వర్క్‌షాపు గొప్పదని మా సైన్సు సారు చెప్పారు. హాస్టల్లో ఉండాలన్న సరదా కూడా ఉంది. కానీ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే జేబులో ఒక్క ఉత్తరమే మిగులుతుంది. రెండూ చొక్కా జేబులో పైకి కనిపించేలా పెట్టుకుని చేవెళ్ల అంగడంతా తిరిగాను. చిల్కూరులో మా మేనత్త ఇంటికి పనిలేకపోయినా వెళ్లాను. కనిపించినవారినల్లా ఏది మంచిదని సలహా అడిగాను. ఇంజనీరు అంటే కరెంటు స్తంభం ఎక్కేవాడా అని అడిగిన బట్టల సేటును కూడా వదల్లేదు.

మా మెట్టచేనును చెలక అంటాం. దాని ఒడ్డుకు, అంటే గట్టుకు, అవతల నా స్నేహితుడి వాళ్ల చెలక. వాడూ నేనూ ఒకే బెంచీ మీద చదువుకున్నాం. పట్నం కాలేజీ వెయిటింగ్ లిస్టులో వాడిదే మొదటి పేరు. తల్లికి ఆరోగ్యం బాగాలేదు కనుక వాడు దూరం పోలేడు. గడువు లోపల ఎవరైనా సీటు వదులుకుంటేనే వాడికి చదువు. నా దగ్గరికి వచ్చి, "అరేయ్, నువ్వు వరంగల్ పోయేదుంటే జర ముందుగాల చెప్పురా" అన్నాడు. "ఇంకా సోంచాయిస్తున్నరా" అన్నాను. ఆలోచించేది ఏమీ మిగల్లేదని, అది అబద్ధమని తెలిసే అన్నాను. అలా ఆరు రోజులు గడిపాను. ఇది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆరో రోజు మంచి వాన పడింది. మా ఎడ్లలో ఒకటి కుంటుతోంది. జొన్న వేయడానికి అరక, అంటే ఎడ్ల జతతో నాగలి, కావాలని మా తాతయ్య పక్కనే ఉన్న ప్రొద్దుటూరుకూ కనకమామిడికీ, రెండు ఊళ్లకూ కబురు పంపాడు. తెల్లవారేసరికి రెండు అరకలూ వచ్చాయి. మాకున్నది రెండెకరాలు, ఒక్క అరక చాలు. తాతయ్య మాత్రం వచ్చిన ఇద్దరికీ రొట్టెలు పెట్టించి, ఎడ్ల చుట్టూ తిరుగుతూ ఒక జత కొమ్ములు నిమురుతాడు, ఇంకో జత మూపురం తడతాడు. పొద్దెక్కుతోంది. ఒడ్డు అవతల నా స్నేహితుడి తండ్రి విత్తనాల సంచి భుజాన వేసుకుని నిలబడ్డాడు. ఆయనా ప్రొద్దుటూరు అరకనే అడిగాడట. తాత ముందే మాట తీసుకున్నాడని చెప్పారట.

నాకు ఉండబట్టలేదు.

"తాతా, నేల పదును ఆరిపోతున్నది. ఒక అరక వాళ్లకియ్యి."

"ఎందుకురా ఫికర్? ఇంకా సోంచాయిస్తున్న. ఇవి నడక మంచిగున్నయి, అవి బలమున్నయి. అయినా నా చెల్కల రెండు అరకలు నిలబడితే చూడ ఎంత కళ!"

"మనకు ఒక్కటి చాలు కద! వాళ్ల విత్తనం ఎట్ల పడాలె?"

తాతయ్య నా చొక్కా జేబు వైపు చూశాడు. అంతే. రెండు ఉత్తరాలూ అందులో అలాగే పైకి కనిపిస్తున్నాయి.

ప్రొద్దుటూరు ఆయన నవ్వుతూ లేచి ఎడ్లను ఒడ్డు దాటించాడు. "'పొద్దెక్కేదాక కదలకు, మావోనికి జర బుద్ధి చెప్పేదున్నది' అని నిన్ననే చెప్పిండయ్యా మీ తాత" అని నాతో అన్నాడు.

ఆ రోజు బంద్. బస్సుల్లేవు. నా స్నేహితుణ్ణి సైకిల్ వెనక ఎక్కించుకుని పట్నం బయలుదేరాను. దారిపొడవునా వంతులవారీగా తొక్కాం. బంద్ రోజైనా కాలేజీ ఆఫీసు తలుపు ఓరగా తీసి ఉంది. పట్నం సీటు వద్దని నా చేత్తో రాసిచ్చాను. కాగితం అందుకున్న గుమాస్తా నా స్నేహితుడి పేరు పిలిస్తే, వాడు నా భుజం ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే రెండు రోజులు నొప్పి పోలేదు.

ఆదివారం మా ఊరి చర్చిలో వాడి తల్లి సాక్ష్యం చెప్పడానికి లేచింది. దేవుడు ఈ పిలగాని మనసుల దయ పుట్టించిండు, మా కొడుకు కోసం తన సీటు వదిలిండు అని నా పేరు చెప్పి కన్నీళ్లు పెట్టుకుంది. అందరూ నన్నే చూస్తున్నారు. నేను వినయంగా తల వంచాను. పక్కనే కూర్చున్న తాతయ్య చిన్నగా దగ్గాడు.

నా స్నేహితుడు మంచి ఇంజనీరై పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పటికీ పెళ్లిళ్లలో నన్ను నలుగురికీ చూపించి ఆ మాటే చెబుతాడు. "కాదురా, ఆరు రోజులు నీ చదువును నా జేబులో పెట్టుకుని తిరిగాను" అని వాడికి చెప్పే ధైర్యం నాకు ఇన్నేళ్లూ రాలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. తాతయ్య పోయి చాలా కాలమైంది. అయినా ఎవరైనా నన్ను మంచివాడని పొగిడినప్పుడల్లా పక్క నుంచి ఆ దగ్గు వినిపిస్తుంది. వెంటనే నా చెయ్యి చొక్కా జేబు మీదికి పోతుంది, ఇంకొకరికి అందవలసింది ఏదైనా అందులో ఉండిపోయిందేమోనని.