తెల్లవారితే శుక్రవారం

నా పెళ్లి మంటపంలో వేరే పెళ్లికొడుకుని కూర్చోబెట్టిన ఘనుణ్ని నేనే. చదివి నవ్వకండి, నాకింకా ఒళ్లు మండుతూనే ఉంది.

అప్పట్లో హైదరాబాదులో డేటాబేసులు కట్టే ఉద్యోగం నాది. సొంతూరు భీమవరం, పందెం కోడికున్నంత పొగరు. పెళ్లికి శంషాబాద్‌లో, కొత్త ఎయిర్‌పోర్టు దారిలో ఒక ఫంక్షన్ హాల్ మాట్లాడుకున్నాం. యజమాని నర్సింహారెడ్డి గారు బుకింగులన్నీ గోడ క్యాలెండర్ మీదే రాసుకునేవారు. అది చూసి నా ప్రాణం ఊరుకుంటుందా?

"ఏ కాలంలో ఉన్నారండీ? నేను డేటాబేసు చేసిస్తాను. ఒక తేదీని ఇద్దరికి ఇమ్మన్నా ఇవ్వదు."

"గివన్నీ మనకెందుకు సార్? క్యాలెండర్ మంచిగనే ఉంది గద."

వింటేనా! చేసిచ్చి, మొదటి బుకింగు నాదే ఎక్కించాను. శుభలేఖలో ముహూర్తం "గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం, ఒంటిగంట నలభై". కంప్యూటరుకేమో అర్ధరాత్రి దాటితే తేదీ మారిపోయినట్టే. తేదీకి నేను పెట్టిన గడి ఒక్కటే. శుక్రవారం అని కొట్టాను.

గురువారం సాయంత్రం మేళంతో దిగాం. వేదిక మీద ఎవరో జంట, వాళ్ల తలల పైన థర్మకోల్ అక్షరాల్లో "మల్లేశ్ – స్వప్న".

"ఎవరయ్యా మీరు?" అన్నాను గుమ్మంలో ఎదురొచ్చినాయనతో, బాసికం సర్దుకుంటూ.

"తొండుపల్లోళ్లం. మా తమ్ముడు మల్లేశ్ రిసెప్షన్. నువ్వెవరన్నా?"

"పెళ్లికొడుకుని!"

"పెళ్లికొడుకు ఆడున్నడు గద."

నర్సింహారెడ్డి గారు పరుగెత్తుకొచ్చారు. "గురువారం ఖాళీ అని మీ కంప్యూటరే చెప్పింది సార్. మీది రేపు గద? క్యాలెండరైతే గురువారమే రాస్తుంటి."

మా మామగారు నాన్నవైపు తిరిగి, "మీవాడికి ఉద్యోగం ఎవరిచ్చారండీ?" అన్నారు. ముహూర్తం తప్పితే పిల్లను తీసుకుని వెళ్లిపోతానన్నారు కూడా.

చివరికి ఆ మల్లేశ్ వాళ్లన్నయ్యే కాపాడాడు. "పరేషాన్ గాకుర్రి. మీ ముహూర్తం వరకు మావోళ్లు తిని లేస్తరు. జర మీరు గూడ తినుర్రి."

పెళ్లికొడుకుని, ఉపవాసం. వాళ్ల విందు మటన్ వాసన పీలుస్తూ కూర్చున్నాను. పంతులుగారు ముక్కు మూసుకునే మంత్రాలు చదివారు. ముహూర్తానికే తాళి కట్టాను గానీ, ఆ అక్షరాలు పీకే తీరిక ఎవరికీ లేకపోయింది. ప్రతి ఫొటోలో మా తలల పైన మల్లేశ్, స్వప్న. ఇంటికొచ్చినవాళ్లకు ఆల్బమ్ చూపిస్తూ మా ఆవిడ లలిత నావైపు వేలు పెట్టి, "ఈ మల్లేశ్ గారే డేటాబేసు చేశారండీ" అంటుంది.

ఇప్పుడు డేటాబేసులు మేఘాల్లోకి ఎక్కాయట, రేపు వాటంతట అవే ఆలోచిస్తాయట. ఆలోచించనివ్వండి. తెల్లవారితే శుక్రవారం అంటే ఏ రోజో ముందు చెప్పమనండి!

అందుకే అగ్నిసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మళ్లీ పెళ్లంటూ చేసుకుంటే గోడ క్యాలెండరున్న హాల్లోనే. పెళ్లికూతురు లలితే. పైన పేర్లు మాత్రం మావే ఉండాలి.