లచ్చవ్వ పాట మీ ఫోన్లో ఉందా?

ఈ రోజు పొద్దున సంబరంగా ముస్తాబాద్ వెళ్లాను. పోయిన వారం నా బ్లాగులో పెట్టిన నాట్ల పాట పాడింది అక్కడి కూలీ లచ్చవ్వే. నేను కట్టిన ఉద్యమ పాటలను కూడా అంతమంది వినలేదని ఆమెకు చెబుదామనుకున్నాను.

ఆమె ముఖం తిప్పుకుంది.

నాట్లేస్తూ పొలం ఆసామి అయిన పటేలు పేరు పాటలో పెట్టి ఎగతాళి చేయడం అక్కడి ఆనవాయితీ. గట్టు మీద నిలబడి పటేలూ నవ్వుతాడు. ఆ పేరుతో సహా రికార్డు చేసి లోకానికి వినిపించింది నేను. అప్పటి నుంచి ఆయన ఆమెను పనికి పిలవడం లేదు.

"మడిల పాడింది మడిలనే ఉండాలె తమ్మీ. గా పేరు ఊరూరా ఎందుకు తిప్పినవ్?"

"ఇయ్యాల్నే తీసేస్త అక్కా."

"తీసేస్తె పటేలు మల్ల పిలుస్తడా?"

ఆ పటేలు రోజూ తెలంగాణ దీక్షా శిబిరంలో కూర్చుని పాటలకు చప్పట్లు కొడతాడు!

సిరిసిల్ల నెట్ సెంటర్లో పాట తీసేశాను. ఇంటికి ఆటో ఎక్కితే డ్రైవర్ ఫోన్ మోగింది. లచ్చవ్వ గొంతు. సరిగ్గా పటేలు పేరున్న చరణమే.

డౌన్‌లోడ్ బటన్ పెట్టడం నేర్చుకోవడానికి రెండు రోజులు తంటాలు పడ్డాను, నా ఖర్మ. మీ ఫోన్లో ఆ పాట ఉంటే తీసేసి కింద ఒక మాట రాయండి. "బ్రహ్మాండం అన్నా" అని చాలామందే రాశారు. ఆమెను అడిగే పెట్టావా అని ఒక్కరూ రాయలేదు.

నాకూ తట్టలేదు.