ఎర్రతల చిలక, బూడిదతల చిలక

మా పెరట్లో జామచెట్టు మొదలు మా వైపు ఉంటుంది. కొమ్మల్లో సగం ప్రహరీగోడ దాటి పక్కింట్లోకి వాలి ఉంటాయి. పక్కింటాయన మాకు చుట్టమేమీ కాదు. అయినా మా అత్తయ్యను వదినా అంటాడు, ఆమె ఆయన్ను మరిదీ అంటుంది, ఆ వరసన నాకు చిన్నమామయ్య అయ్యాడు. నరసరావుపేటలో ఇల్లు కట్టుకోక ముందు తన ఊళ్ళో ఒక పార్టీకి పోలింగ్ ఏజెంటుగా కూర్చునేవాడు. అప్పటినుంచీ ఆయన కంటికి లోకంలో ప్రతిదీ ఏదో ఒక పార్టీదే. అత్తయ్యకు పార్టీలు పట్టవు. ఆయన ఔనన్నదాన్ని కాదనడం మాత్రం ఆమెకు పొద్దుటి కాఫీ అంత అవసరం.

జామకాయలు దోరగా మారేసరికి రామచిలకలు గుంపుగా దిగేవి. ఒక్కో కాయను రెండు కొరుకులు కొరికి కింద పడేసి ఇంకోదాని మీదికి పోయేవి. కొన్నిటి మెడ చుట్టూ నల్లగీత, దాని వెనక గులాబిరంగు పట్టీ ఉండేవి. కొన్నిటికి మెడంతా ఉత్త పచ్చే.

"కండువా ఉన్నవి కార్యకర్తలమ్మాయ్, లేనివి ఓటర్లు" అని చిన్నమామయ్య గోడ మీద మోచేతులు ఆనించి నాకు వివరించాడు.

"ఉన్నవి మగవి, లేనివి ఆడవి" అంది అత్తయ్య చేటలో మిరపకాయల తొడిమలు తీస్తూ. "మీ పార్టీలో ఆడోళ్ళకు కండువాలు ఇవ్వరా ఏంది?"

ఆయన మోచేతులు దులుపుకొని ఇంట్లోకి పోయాడు. ఆ పూట అత్తయ్య రెండోసారి కాఫీ కలుపుకుంది.

ఇలా సాగుతుండగా మాఘమాసంలో ఒక పొద్దున కొత్త చిలకల జంట వచ్చింది. రామచిలకల కంటే చిన్నవి. ఒకదాని తల నేరేడుపండు నలిపి పూసినట్టు ఎర్రగా, చెవుల దగ్గరికి వచ్చేసరికి కాస్త నీలం తిరిగి ఉంది. ముక్కు ఎరుపు కాదు, పండిన నిమ్మకాయ రంగు. తోక చివర తెల్లగా ఉంది. రెండోదాని ఒళ్ళు అంతా అలాగే ఉంది కానీ తల మాత్రం బూడిదరంగు. రామచిలకల్లా కీచుమని చెవులు చిల్లులు పెట్టకుండా, ఎవరినో ఏదో అడుగుతున్నట్టు మెల్లగా "టుయ్?" అని కూసేవి.

చిన్నమామయ్య చానాసేపు చూశాడు. "ఇది మన రామచిలకే వదినా. వెల్దుర్తి వైపు చేలగట్ల మీద బ్రహ్మజెముడు పళ్ళు తిని తలంతా ఎర్ర చేసుకొచ్చింది. చిన్నప్పుడు మనం తింటే మూతి ఎర్రగా అయ్యేది గదా, అట్టా."

"మనం మూతితో తిన్నాం. అది తలతో తిన్నదా?" అంది అత్తయ్య. "అది వేరే జాతి. ఎర్రతలది కొడుకు, బూడిదతలది వాళ్ళమ్మ. తల నెరిసింది, కనపడట్లా?"

నేను వంటింట్లోకి వెళ్ళి ఫోన్‌లో చూశాను. రెండూ ఒక జాతివే, రామచిలకల జాతి కాదు. ఎర్రతలది మగది, బూడిదతలది ఆడది. నెరవడానికీ దానికీ సంబంధం లేదు. బయటికొచ్చి ఆ సంగతి చెబుదామనుకున్నాను. కానీ అప్పటికే ఇద్దరూ గోడకు చెరోవైపు నిలబడి పందెం మాట్లాడుకుంటున్నారు. అంత మంచి తగవును ఫోన్ చూపించి ఆపడానికి నాకు మనసు రాలేదు.

"నువ్వు ఓడిపోతే అవతలి పార్టీ కండువా వేసుకొని వీధరుగు మీద కూర్చొని కాఫీ తాగాలి" అంది అత్తయ్య.

ఆయన ముఖం మాడింది. అయినా తగ్గలేదు. "నువ్వు ఓడిపోతే నేతిసున్నుండలు చేసిపెట్టాలి. 'మరిదీ, నువ్వు చెప్పిందే నిజం' అని వీధంతా వినేటట్టు అనాలి."

సున్నుండల దాకా అత్తయ్య తల ఊపుతూనే ఉంది. రెండోది విన్నాక కొంచెం ఆలోచించింది. తర్వాత సరేనంది. తీర్పు చెప్పేది నేనని ఇద్దరూ ఒప్పుకున్నారు.

మర్నాడే చిన్నమామయ్య ఎక్కడినుంచో బ్రహ్మజెముడు పళ్ళు తెప్పించాడు. పచ్చచిలక వాటిని తిని ఎర్రతలగా మారడం మాకు కళ్ళారా చూపిస్తానని, వాటిని కోసి గోడ మీద వరసగా పెట్టాడు. చిలకలు అటు తిరిగి కూడా చూడలేదు. ఒక ఉడత వచ్చి వాసన చూసి పోయింది. సాయంత్రానికి ఆయన వేళ్ళ నిండా కంటికి కనపడనంత సన్నటి ముళ్ళు దిగి, అన్నం కలుపుకోలేక మా ఇంటికే వచ్చాడు.

అత్తయ్య కళ్ళజోడు పెట్టుకొని, నా కనుబొమల పట్టకారు తీసుకొని అరుగు మీద కూర్చుంది. ఒక్కో ముల్లు లాగుతూ ఒక్కో ప్రశ్న వేసింది.

"ఇంతకీ తల ఎర్రబడిందా మరిదీ?"

"అబ్బ, మెల్లిగా వదినా."

"ముక్కు పసుపుపచ్చగా ఎందుకుంది? పసుపు కొమ్ములు కూడా తిన్నదా?"

ఆయన పళ్ళు బిగబట్టి ఓర్చుకున్నాడు. మా ఆయన నవ్వు ఆపుకోలేక బండి తుడిచే నెపంతో బయటికి పోయాడు.

తర్వాత కొద్దిరోజులకు, ఒక ఆదివారం పొద్దున అందరం పెరట్లో ఉన్నాం. ఎర్రతలది కొమ్మ మీద పక్కకు పక్కకు జరుగుతూ బూడిదతలదాని దగ్గరికి పోయి, నోట్లో నోరు పెట్టి ఏదో తినిపించింది.

అత్తయ్య పొంగిపోయింది. "చూశారా, అమ్మకు తినిపిస్తున్నాడు. పక్షికున్న బుద్ధి" అంటూ మా ఆయన వైపు చూసింది. మా ఆయన చేతిలో ఇడ్లీ పళ్ళెంతో దోషిలా నిలబడ్డాడు.

చిన్నమామయ్య గోడ మీదికి ఇంకాస్త వంగాడు. ఎర్రతలది మళ్ళీ తినిపించింది. తల వంచి దణ్ణం పెట్టినట్టు ఊపింది. అత్తయ్య చేటను పక్కన పెట్టి మరీ చూస్తోంది. అంతలో అది ఎగిరి బూడిదతలదాని వీపు మీద ఎక్కింది.

చిలకలు తమ పని తొందరపడకుండా చేసుకున్నాయి. అత్తయ్య లేచి కొంగు దులుపుకొని, "పాలు పొయ్యి మీద పెట్టి వచ్చాను" అని లోపలికి వెళ్ళిపోయింది. పొయ్యి వెలిగించి లేదన్న సంగతి నాకు తెలుసు.

"వదినా, వాళ్ళమ్మ అన్నావుగా" అని చిన్నమామయ్య గోడ మీదినుంచి పిలిచాడు. లోపల గిన్నెల చప్పుడు పెరిగింది. "వదినా, ఇంకా అయిపోలా, వచ్చి చూడు" అని ఇంకోసారి పిలిచాడు.

అత్తయ్య మళ్ళీ బయటికొచ్చాక నేను తీర్పు చెప్పాను. ఎర్రతల రంగు పూసుకున్నది కాదు, బూడిదతల ముసలిదీ కాదు, ఇద్దరూ ఓడిపోయారన్నాను. ఫోన్ కూడా చూపించాను. ఎప్పుడు చూశావని అత్తయ్య అడిగితే ఇప్పుడేనని చెప్పాను.

ఆ సాయంత్రం ఆమె సున్నుండలు కట్టింది, నెయ్యి తగ్గించకుండానే. వీధంతా వినేటట్టు అనాల్సిన మాట మాత్రం అనలేదు. ఆయన చెప్పింది నిజం కాదు కనుక ఆ షరతు చెల్లదని వాదించి గెలిచింది.

ఆయన షరతుకు అలాంటి సందు దొరకలేదు. అవతలి పార్టీ కండువా మా ఇంట్లోనే దొరికింది. ఎవరో ఊరేగింపులో మా ఆయన మెడలో వేస్తే, తెచ్చి బండి తుడవడానికి పెట్టుకున్నాడు. అత్తయ్య దాన్ని ఉతికి ఇస్త్రీ చేసి, మడత పెట్టి, సున్నుండల పళ్ళెంతో పాటు పంపింది.

చిన్నమామయ్య మాట తప్పే మనిషి కాదు. పొద్దున్నే కండువా వేసుకొని వీధరుగు మీద కూర్చొని కాఫీ గ్లాసు పట్టుకున్నాడు. అంత వేడిగా ఉన్నా గటగటా తాగాడు. ఆ కాస్తలోనే పాలు పోసే అతను ఫోటో తీశాడు.

మధ్యాహ్నానికి ఆయన ఫోన్ మోగడం ఆగలేదు. అవతలి పార్టీవాళ్ళు పూలదండ పట్టుకొని వచ్చారు. వాళ్ళు గుమ్మం దిగక ముందే ఇవతలి పార్టీవాళ్ళు వచ్చారు. "పెద్దాయనా, ఏం తక్కువ చేశామని ఇట్టా చేశావు?" అని ఒకతను బాధగా అడిగాడు.

"చిలకల వల్ల" అన్నాడు చిన్నమామయ్య.

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ నమ్మలేదు. మనసులో ఉన్నది చెప్పడం లేదని, బాగా నొచ్చుకున్నాడని అనుకున్నారు. ఆ వారంలోనే మా వీధి చివర పూడిపోయిన మురుగుకాలువ బాగుచేయించారు. అంతకు ముందు ఏడాదంతా దానికోసం తిరిగినా జరగని పని అది. చిన్నమామయ్య కొత్త కాలువ పక్కన నిలబడి, ఇదంతా తన పలుకుబడే అని వచ్చేపోయేవాళ్ళకు చెప్పాడు. అత్తయ్య గుమ్మంలోంచి వింటూ ఈసారికి ఊరుకుంది.

ఎండలు ముదిరాక ఆ జంట మళ్ళీ వచ్చింది. వెంట రెండు పిల్లచిలకలు. వాటి తలలు ఎరుపూ కాదు, బూడిదా కాదు, ఉత్త పచ్చ.

చిన్నమామయ్య గోడ దగ్గరికి వచ్చాడు. "వదినా, ఇవి వాటి పిల్లలు కావు. రామచిలకల్ని పెంచుకుంటున్నాయి."

అత్తయ్య చేట కింద పెట్టింది.

"ఏం పందెం?" అంది.