గంప అడుగున దొరికిన పుట

తానా సరస్సులోని ఒక దీవి మఠంలో అబ్బా మెర్హా అనే సన్యాసి ఉండేవాడు. మేకతోలు మీద రాసిన పాత గ్రంథాలంటే ఆయనకు ప్రాణం. "ఈయన స్వర్గానికి పోయినా, ముందు అక్కడి పుస్తకాల గది ఎక్కడని అడుగుతాడు" అని తోటి సన్యాసులు ఆటపట్టించేవాళ్ళు.

మఠాన్ని కట్టిన మునీశ్వరుడి చరిత్రలో ఒక పుట లేదు. ముని పడవెక్కుతాడు, తుఫాను రేగుతుంది. పుట తిప్పితే దీవిలో జపం చేసుకుంటూ ఉంటాడు. ఒడ్డెలా చేరాడో ఎవరికీ తెలియదు. మెర్హా చుట్టుపక్కల గుళ్ళన్నీ గాలించినా అది దొరకలేదు.

ఒకసారి ఒడ్డునున్న ఊళ్ళో పెద్దకర్మ భోజనానికి వెళ్ళాడు. ఇంజెరా రొట్టె, పప్పు కూర సుష్టుగా తిన్నాడు. ఆ ఇంటి ముసలమ్మ వుబిత్ రొట్టెల గంపను బోర్లించి తుక్కు దులుపుతోంది. గంప అడుగున కుట్టిన తోలు మీద ఎర్రసిరా అక్షరాలు.

"అమ్మా, ఆ గంప ఒకసారి ఇలా ఇస్తావా?"

"రొట్టెలు అయిపోయాయి తండ్రీ. ఇక గంప కూడా తింటావా?"

అందరూ నవ్వారు. మెర్హా మాత్రం గంపను ఒళ్ళోకి లాక్కుని చూశాడు. తను వెతుకుతున్న పుటే. తోలు గట్టిగా ఉందని వుబిత్ మామగారు ఎప్పుడో సంతలో కొని కుట్టించాడట. మెర్హా మఠాల్లో వాడే పాత గీజ్ భాషలో చదువుతూ వాళ్ళ మాటల్లో చెప్పాడు: తుఫానుకు పడవవాడు భయపడి అడుగున ముడుచుకున్నాడు. ముని వాంతులతో సొమ్మసిల్లాడు. పడవవాడి పెళ్ళామే తెడ్డు పట్టి దీవికి చేర్చింది.

వుబిత్ నోరు నొక్కుకుంది. "ఆడగాలి సోకకూడదని మమ్మల్ని ఆ దీవిలో అడుగు పెట్టనివ్వరు. మీ మునిని అక్కడ దింపింది ఆడదేనా?"

"అలాగే ఉందమ్మా" అన్నాడు మెర్హా, నవ్వాపుకోలేక.

"అయితే తీసుకుపో. కానీ ఏటా ఉత్సవంనాడు ఈ ఒడ్డుకొచ్చి మాకు చదివి వినిపించాలి."

ఆయన ఒప్పుకుని, కొత్త మేకతోలు తెచ్చి గంపకు తనే కుట్టిచ్చాడు. మఠం పెద్ద రెండు రోజులు గొణిగి, చివరికి "రాసి ఉన్నది చదవకపోతే పాపం" అని ఊరుకున్నాడు.

ఉత్సవంనాడు ఊరి ఆడవాళ్ళంతా తెల్ల శాలువాలు కప్పుకుని ఒడ్డున కూర్చున్నారు. తెడ్డు మాట రాగానే ఈలలతో సరస్సు మారుమోగింది. మరుసటి ఏడు మెర్హా తొందరలో ఒక వాక్యం మింగేశాడు.

"తండ్రీ, వాంతుల సంగతి వదిలేశావు" అంది వుబిత్, ముందు వరసలోంచి.

ఆయన గొంతు సవరించుకుని మళ్ళీ మొదటినుంచీ అందుకున్నాడు.