నీళ్లు పారిన దారి

మాచర్ల పక్కన నాపరాళ్ల క్వారీలో ముప్పై ఏళ్లు పనిచేశాను. అప్పట్లో నాకు అక్షరం ముక్క రాదు. మంచి రాయి ఎంత లోతున తగులుతుందో మాత్రం అంగలతో, జానలతో కొలిచి చెప్పేదాన్ని. అది కూడా ఒక చదువేనని ఎన్నడూ అనుకోలేదు.

మా చెల్లెలి కూతురు వెల్దుర్తి నుంచి వచ్చి మా ఇంట్లో ఉండి డిగ్రీ చదివేది. రాళ్ల పేర్లు నేర్చుకుంటే చాలనుకుని భూగర్భశాస్త్రం తీసుకుందట. తీరా చేరాక, పొరల వాలూ లోతూ కట్టే లెక్కల పేపరు ఒకటి ఎదురైంది. అందులో రెండుసార్లు తప్పింది. మూడోసారి పరీక్ష నెల రోజులుందనగా పుస్తకాలన్నీ సంచిలో సర్దేసి, ఇక రాయను, మిరపకోతలకు పోతానంది. వాళ్లమ్మ కూడా సరేనంది. మా ఇళ్లలో ఆడపిల్ల అంతదాకా చదవడం అదే మొదలు. నాకు మనసొప్పలేదు. ఒక్కరోజు నాతో క్వారీకి రా, తర్వాత నీ ఇష్టం అన్నాను.

ఆ రోజు మేస్త్రి కొత్త గుంతకు గుర్తు పెట్టి, రాయి ఎంత లోతుంటుందని నన్నడిగాడు. నేను పిల్లను ముందుకు తోశాను. అక్కడ పాత గుంతలు రెండున్నాయి. మొదటిదాంట్లో మంచి పొర రెండు జానల లోతున ఉంది. దానికి ఇరవై అంగల దూరంలోని రెండోదాంట్లో నాలుగు జానలు. అంటే పది అంగలకు జానెడు దిగుతోంది. కొత్త గుంత మొదటిదానికి నలభై అంగలు. పిల్ల బండ మీద సుద్దతో లెక్క కట్టి ఆరు జానలంది. తప్పని నాకు తెలుసు. అయినా తవ్వాక తనే చూసుకోనీ అని పక్కకు జరిగాను.

మధ్యాహ్నానికి ఆరు జానలు తవ్వారు. మట్టి, పనికిరాని మెత్తరాయి తప్ప ఏమీ పడలేదు. సమ్మెట కొట్టే ముసలాయన గట్టు మీద కూర్చుని బీడీ ముట్టించాడు.

"ఏమే డిగ్రీ పిల్లా, ఆ రాయి నీ పుస్తకం చదవలేదంటనే."

అందరూ నవ్వారు. పిల్ల సుద్దముక్క విసిరేసింది.

"చూశావుగా పెద్దమ్మా. నాకు లెక్కలు రావు. ఇంటికి పోదాం పా."

"లెక్క బానే కట్టావు. నడిచిందే వంకరగా నడిచావు" అన్నాను.

తాగే నీళ్ల కుండ తెచ్చి, మొదటి గుంతలో బయటపడి ఉన్న పొర మీద చెంబెడు పోశాను. నీళ్లు రెండో గుంత వైపు పోలేదు. పక్కకు తిరిగి కొత్త గుంత వైపు పారాయి. క్వారీలో మా అలవాటు ఇదే. నీళ్లు పారిన దారినే అంగలు వెయ్యాలి. అడ్డంగా నడిస్తే వాలు తక్కువగా కనిపిస్తుంది. పాత గుంతల మధ్య ఉన్నది ట్రాక్టర్ బాట, వాలుకు ఐమూలగా పోతుంది. పిల్ల ఆ బాటనే కొలిచింది. తడి గీత వెంట దారం మట్టంగా పట్టించి కొలిపిస్తే, పది అంగలకు జానెన్నర దిగింది.

పిల్ల వంగి ఆ తడి గీత వెంట వేలు నడిపింది.

"సారు బోర్డు మీద రెండు వాలులు గీస్తాడు పెద్దమ్మా. ఒకటి నిజందంట, ఒకటి కనపడేదంట. ఇదేనా అది?"

"ఏమోనమ్మా. మాకైతే ఇంతే."

సుద్దముక్క వెతికి తెచ్చుకుని మళ్లీ కట్టింది. నలభై అంగలకు ఆరు, మొదటి గుంతలోని రెండు జానలూ కలిపితే ఎనిమిది. ముసలాయన గొణుక్కుంటూ గుంతలోకి దిగాడు. పొద్దువాలక ముందే, ఎనిమిదో జాన దగ్గర, గునపం ఖంగుమంది.  ఆయన పిల్లకు చెయ్యి అందించి లోపలికి దింపి, ఆ రాయి మీద నిలబెట్టాడు.

ఇంటికి రాగానే పిల్ల సంచిలోంచి పుస్తకాలు బయటికి తీసింది. పరీక్షలో ప్రతి లెక్కకూ ముందు నీళ్ల గీత గీసుకున్నానని తర్వాత చెప్పింది. ఆ పేపరు గట్టెక్కింది. ఆ వేసవిలోనే నన్ను కూర్చోబెట్టి, అదే సుద్దతో నాకు అక్షరాలు దిద్దించింది. అప్పటికి నాకు యాభై దాటాయి.

ఇప్పుడు తను ఒక కాలేజీలో ఆ లెక్కలే చెబుతోంది. ఈమధ్య తన దగ్గర చదివే పిల్లల్ని ఇక్కడికి తీసుకొచ్చింది. క్వారీ మూతపడి చాలా ఏళ్లయింది. మా గుంత నిండా నీళ్లే, ఎనిమిది జానల రాయి అడుగున ఎక్కడో ఉంది. ముసలాయన లేడు. గట్టు పక్కన బయటపడి ఉన్న బండ దగ్గర ఒక పిల్ల లెక్క కట్టడానికి ఫోన్ తీసింది. మా చెల్లెలి కూతురు ఆ ఫోన్ పక్కన పెట్టించి, ముందు నీళ్ల సీసా మూత తియ్యమంది.

బండ మీద నీళ్లు పడ్డాయి. అవి ఎటు పోతాయోనని వాళ్లకంటే ముందు నేనే వంగి చూశాను.