వెనక సీలు

పీలిక అన్నది తిట్టు కాదు. భుజం మీద ఎప్పుడూ ఒక గుడ్డ పీలిక వేలాడుతూ ఉంటుంది కాబట్టి రేవులో అందరూ ఆ మెకానిక్కుని అలాగే పిలిచేవారు. అసలు పేరుతో పిలిస్తే అతనే వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. ఏరు దాటించే బోట్లు అక్కడ చాలానే ఉన్నా అతని చెయ్యి పడేది ఒక్కదాని మీదే. ఆ బోటు సరంగు అతని బావ, అంటే అక్క మొగుడు. పైన చక్రం పట్టేది బావ, కింద ఇంజను చూసేది బావమరిది.

ఇల్లూ అంతే. కింది వాటా అక్కాబావలది, మేడమీద గది ఇతనిది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకోయ్ అంటే "నన్నడిగినవాళ్ళు లేరు, నేనడిగే ధైర్యం నాకు లేదు" అనేవాడు. అన్నం పెట్టేదీ అక్కే, చీవాట్లు పెట్టేదీ అక్కే. బావా బావమరుదులిద్దరికీ మాట్లాడడమంటే ఒంట్లోంచి రక్తం తీసినట్టు ఉండేది. ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని కూడా "రేపు తొందరగా బయల్దేరాలని మీ తమ్ముడికి చెప్పు" అని ఆయన అంటే, "సరేనని చెప్పవే అక్కా" అని ఇతను అనేవాడు. "నేనేమన్నా టెలిఫోను తీగనా?" అని విసుక్కుంటూనే ఆవిడ ఇటుది అటూ అటుది ఇటూ చేరవేసేది.

ఆవిడ ఆస్పత్రిలో ఉన్న రోజుల్లోనే ఇంజను వెనకనుంచి ఆయిలు కారడం మొదలైంది. ఇంజనులో తిరిగే ఇరుసు బయటికొచ్చే చోట ఆయిలు రాకుండా ఒక రబ్బరు చుట్టు పట్టి ఉంచుతుంది. దాన్నే వెనక సీలు అంటారు. అది పాడైంది. మార్చాలంటే గేరుపెట్టె మొత్తం దించాలి. పని సగంలో, గేరుపెట్టె గొలుసుకి వేలాడుతుండగా బావ ఫోను చేశాడు.

"రారా, మీ అక్క నిన్నడుగుతోంది."

"సీలు కూర్చోబెట్టి వచ్చేస్తా బావా."

కూర్చోబెట్టాడు. శ్రద్ధగానే కూర్చోబెట్టాడు. అన్నీ బిగించి, ఇంజను తిప్పి, చుక్క రావడంలేదని చూసుకుని మరీ బయల్దేరాడు. అతను వెళ్ళేసరికి అక్క లేదు.

ఏడుపు రాలేదు. వచ్చినవాళ్ళందరూ ఏడ్చారు, జీవితంలో ఆవిడతో రెండు మాటలు మాట్లాడనివాళ్ళు కూడా ముక్కు చీదారు. ఇతను మాత్రం గోడకానుకుని నిలబడి, చేతుల మీద ఇంకా పోని మసి చూసుకుంటూ ఉండిపోయాడు. ఎవరో "గుండె రాయిరా వీడిది" అన్నారు. విన్నాడు. కోపం కూడా రాలేదు.

ఆ తర్వాత ఇంట్లో మాట అన్నది లేకుండా పోయింది. తగాదా పడ్డారా అంటే అదీ లేదు. ఇద్దరికీ మాట్లాడే దారి ఆవిడొక్కతే, ఆ దారి మూసుకుపోయింది. కూరలో ఉప్పు ఒకరోజు ఇద్దరూ వేసేవారు, ఒకరోజు ఇద్దరూ వేసేవారు కాదు. ఎలా ఉన్నా కిక్కురుమనకుండా తినేసి లేచేవారు. తింటున్నది ఉప్పనో చప్పనో పీలిక నాలుక్కి తెలిస్తే గదా.

అలా ఉండగా, గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఇంజను కింద పెట్టిన రేకు పళ్ళెంలో మళ్ళీ ఆయిలు కనిపించింది.

రేవులో తలా ఒక మాట అన్నారు. "మనసెక్కడో పెట్టుకుని వేసుంటాడు, సీలు వంకరగా కూర్చునుంటుంది." ఆ మాటా విన్నాడు. ఆ ఒక్క మాట మాత్రం లోపలికి దిగింది. అక్క పిలిస్తే వెళ్ళకుండా కూర్చుని చేసిన పని అది. అదీ చెడిందంటే తను ఇటూ కాలేదు, అటూ కాలేదు. పోయేముందు అక్క మొహం చూడలేదు సరే, దేనికోసం చూడలేదో అదన్నా మిగలాలి గదా. అందుకని ఇంజనంతా గాలించాడు గానీ వెనక సీలు జోలికి పోలేదు.

అతని పద్ధతి మంచిదే. ఇంజను పైనుంచి కిందిదాకా తుడిచి ఆరబెట్టి, మొహానికి రాసుకునే పౌడరు చల్లి తిప్పేవాడు. ఆయిలు ఎక్కడ పుడుతుందో అక్కడ పౌడరు తడిసి మచ్చ పడుతుంది. కారిన చోటు వేరు, పుట్టిన చోటు వేరు, దొంగని పట్టాలంటే పుట్టిన చోటే పట్టాలి. పెళ్ళికానివాడు వారం తిరక్కుండా మళ్ళీ పౌడరు డబ్బా కొంటే అంగడివాడు ఊరుకుంటాడా?

"ఎవరికోయ్, చెప్పకూడదా?"

"ఇంజనుకి."

"రంగు తేలిందా మరి?"

"ఇంకా లేదు" అన్నాడు పీలిక, మొహంలో నవ్వన్నది లేకుండా. అంగడివాడే తల దించుకుని చిల్లర వెతుక్కున్నాడు.

విచిత్రమేమిటంటే మచ్చ ఒకచోట పడలేదు. పై మూత దగ్గర కాస్త, పక్క గొట్టం దగ్గర కాస్త, వెనకాల మాత్రం ఎక్కువగా. పై మూత కింద ఆయిలు పట్టి ఉంచే అట్ట మార్చాడు. గొట్టం మార్చాడు. ఫిల్టరు మార్చాడు. పళ్ళెంలో ఆయిలు తగ్గకపోగా పెరిగింది. రోజూ పొద్దున్నే పళ్ళెంలో ఎంత పడిందో చూసి, అంత కొత్త ఆయిలు ఇంజనులో పోసి, పళ్ళెం తుడిచి కింద పెట్టేవాడు. పోయినంత పోస్తే లెక్క సరి. అంతకుమించి ఆలోచించే ఓపిక అతనిలో లేదు. చేతులు పని చేసుకుపోయేవి, తను ఎక్కడో దూరాన నిలబడి వాటిని చూస్తున్నట్టు ఉండేది.

చివరికి బోటు యజమాని దిగొచ్చాడు. "రేపు బోటు ఆపేస్తున్నాను. ఆ వెనక సీలు విప్పు. నీకు చేతకాకపోతే చెప్పు, ఇంకొకణ్ణి పిలుస్తా."

ఇక తప్పదు. వంకరగా కూర్చుందో లేదో తన కళ్ళతోనే చూడాలి. ఆ సాయంత్రం ఆఖరిసారి ఏరు దాటించి బోటు కట్టాక పీలిక ఒడ్డునున్న కొట్టుగదికి వెళ్ళి, గేరుపెట్టె దించే గొలుసు భుజాన వేసుకుని వచ్చాడు. కిందికి దిగబోతూ మెట్ల మీదే ఆగిపోయాడు.

బావ ఇంజను పక్కన గొంతుక్కూర్చుని ఆయిలు పోస్తున్నాడు.

నెలల తర్వాత ఇద్దరి మధ్యా మొదటి మాట అదే. "ఏం చేస్తున్నావు బావా?"

బావ ఉలిక్కిపడి, దొరికిపోయిన దొంగలా డబ్బా పక్కన పెట్టాడు. "నువ్వు ఆయిలు పుల్ల తీసి చూడడం మానేశావు గదరా. అందుకని బోటు ఆపగానే నేనే చూస్తున్నా. గీతకి కింద ఉంటోంది. నిన్నడిగితే నొచ్చుకుంటావేమోనని నేనే పోసేస్తున్నా."

"రోజూనా?"

"రోజూనే. మీ అక్క పోయిన దగ్గర్నించీ."

పీలిక గొలుసు దించి మెట్టు మీద కూలబడ్డాడు. ఆయిలు కొలిచే పుల్ల పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు తీసి చూడాలి. ఆపీ ఆపగానే చూస్తే ఆయిలింకా పైభాగాల్లోనే ఉంటుంది, అడుగున ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. చక్రం పట్టే బావకి అది తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. తెలిసిన తను పుల్ల ముట్టుకోలేదు. పని నేర్చుకునే మొదటి రోజు నేర్పే ముక్క అది. సాయంత్రం ఆయన పోస్తే, పొద్దున్న ఇతను మళ్ళీ పోశాడు. గొంతుదాకా తాగినవాడు కక్కకేం చేస్తాడు? చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

"నేనూ పోస్తున్నాను బావా" అన్నాడు. "రోజూ పొద్దున్నే."

ఇద్దరూ ఇంజను చల్లారేదాకా కూర్చున్నారు. తర్వాత పీలిక కింది మర విప్పి, పుల్ల మీద గీతకి సరిగ్గా వచ్చేదాకా ఎక్కువైన ఆయిలు బకెట్లోకి వదిలాడు. ఇంజను తుడిచి పౌడరు చల్లాడు. బావ పైకెళ్ళి ఇంజను వేశాడు. బాగా వేడెక్కేదాకా తిప్పి, ఆపి, దిగొచ్చాడు. పీలిక లైటు తీసుకుని గేరుపెట్టె వెనకగా బోర్లా పడుకుని చూశాడు. వెనక సీలు చుట్టూ పౌడరు పొడిగా, తెల్లగా ఉంది.

"ఏమైందిరా?"

"సీలు బాగానే ఉంది బావా. ఆ రోజు వేసింది వేసినట్టే ఉంది."

బావ ఇంజను దిమ్మ మీద కూర్చున్నాడు. చేతుల కేసి చూసుకుంటూ చెప్పాడు.

"ఆ రోజు నీతో ఫోనులో మాట్లాడాక మీ అక్క మళ్ళీ మళ్ళీ అడిగింది, వాడి పనైందా, కారడం ఆగిందా అని. ఆగింది, బయల్దేరాడు, వచ్చేస్తున్నాడని చెప్పాను. నాకేం తెలుసు? ఊరికే చెప్పాను. 'వాడు చెయ్యేశాక ఆగకేం చేస్తుందీ' అంది. అంతే, ఇంకేం మాట్లాడలేదు. తర్వాత ఇది మళ్ళీ కారడం మొదలెట్టేసరికి... ఆఖరి మాట అబద్ధం చెప్పి పంపించానే అని, ఇన్నాళ్ళూ నీ మొహం చూడలేకపోయానురా."

పీలిక లేవలేదు. ఇంజను కింద, ఆ ఇరుకులో, మొహానికి పౌడరు అంటుకుని ఉండగా, అప్పుడొచ్చింది ఏడుపు.

"అబద్ధం కాదు బావా" అన్నాడు వెక్కుతూ. "నేను బయల్దేరేసరికి ఆగింది. నిజంగానే ఆగింది."