సోమవారం రాసిన గురువారం

బడి గేటు దగ్గర పనిచేసే ఆయన్ని పిల్లలు గేటు బాబాయ్ అంటారు. టీచర్లూ అదే అంటారు. చివరికి పెద్ద మేడం కూడా, ఆయనకన్నా నాలుగేళ్ళు పెద్దదై ఉండీ, బాబాయ్ అనే పిలుస్తుంది. ఆయన రాత ముత్యాల కోవ. ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషికి అంత చక్కటి దస్తూరీ ఎలా అబ్బిందో ఎవరికీ తెలీదు. అది చూసే పెద్ద మేడం పదకొండేళ్ళ కిందట బడి భద్రతా రిజిస్టరు ఆయన చేతిలో పెట్టింది.

భద్రతా రిజిస్టరంటే బ్రహ్మవిద్యేమీ కాదు. రోజుకో వరుస. తేదీ, గేటు తీసిన వేళ, వేసిన వేళ, ప్రమాదాలు, సంతకం. ప్రమాదాలన్న గడిలో రోజూ 'లేవు' అని రాయాలి. మొదటి ఏడాది ఆయన బుద్ధిగా సాయంత్రం గేటు వేశాకే రాశాడు. రోజూ అదే వేళ, అదే మాట, అదే సంతకం. తర్వాత ఒక సోమవారం ఉదయం తీరిగ్గా కూర్చుని ఆరు రోజులవీ ఒక్క ఊపులో రాసేశాడు. పేజీ చూసుకుంటే ముచ్చటేసింది. ఒకే కలం, ఒకే సిరా, ఒకే వాలు. అప్పట్నుంచీ సోమవారమే రాత వారమైంది. నెలాఖరున పెద్ద మేడం పేజీలు తిప్పుతూ సంతకాలు పెట్టేది. చదివేది కాదు. చదవడానికి అందులో ఏముంది గనక? ఆయన వారానికోసారి, ఆవిడ నెలకోసారి. తిలాపాపం తలా పిడికెడు.

ఆయన భార్య అదే బడిలో ఆయా. పిల్లలకి ఆయమ్మ. ఆయనకి దస్తూరీ ఎంత ఉందో ఆవిడకి నోరంత ఉండేది. బడి ముందు రోడ్డు ఒక మలుపు తిరిగి ఉన్నట్టుండి మీదికొస్తుంది. వచ్చే బండి గేటు దగ్గర నిలబడ్డవాళ్ళకి కనపడేసరికే దగ్గరికొచ్చేసి ఉంటుంది. ఆయమ్మ బడి వదిలాక చిన్న పిల్లల్ని ఒకరి చేతులొకరికి పట్టించి, వరసగా రోడ్డు దాటించేది. అది ఆవిడ ఉద్యోగంలో లేని పని.

"గదులూడవడం నీ పని. రోడ్డు నీకెందుకు?" అనేవాడాయన.

"రోడ్డు ఊడవడం లేదుగా, దాటిస్తున్నానంతే," అనేది ఆవిడ.

మూడేళ్ళ కిందట ఒక గురువారం పిల్లలందరూ దాటేశారు. ఒకటో తరగతి పిల్ల చెప్పు రోడ్డు మధ్యలో ఊడిపోయింది. ఆయమ్మ దానికోసం వెనక్కి వెళ్ళింది. మలుపులోంచి ఇటుకల లారీ వచ్చింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి, పదో రోజు పొద్దున్న పోయింది. లారీ వాడిది తప్పని తేలింది గానీ, పోలీసు కాగితంలో 'మలుపు దగ్గర' అని రాశారు. బడి ముందు అని రాయలేదు.

నెల తర్వాత ఆయన పనిలోకి వచ్చి రిజిస్టరు తెరిచాడు. తను లేనన్నాళ్ళూ ఆఫీసు గుమాస్తా వంకర రాతతో గళ్ళు నింపాడు. ఆ వెనక పేజీలో ఆ గురువారం ఉంది. ముత్యాల్లాంటి అక్షరాలతో 'ప్రమాదాలు: లేవు', పక్కనే తన సంతకం. సోమవారమే రాసేశాడు మరి. దిద్దుదామంటే మొదటి పేజీలో ఎర్రగా అచ్చేసి ఉంది, కొట్టివేతలు చేయరాదని. పేజీ తిప్పేశాడు. ఆ రోజు సోమవారం. ఆరు గళ్ళూ నింపాడు.

ఎవరైనా వింటే ఇదేం మనిషి అంటారు. అనొచ్చు. నిండా మునిగినవాడికి చలేమిటి? ఆయనకప్పట్నుంచీ ఏదీ ఏమీ అనిపించడం మానేసింది. ఏడుపు రాలేదు. కోపం రాలేదు. టీ వేడిగా ఉందో చల్లారిందో తెలిసేది కాదు. కూతురు మందుల షాపులో పనిచేసి వచ్చి వంట చేసేది. ఒకరోజు కూరలో ఉప్పు వేయడం మరిచిపోయింది. ఆయన మారుమాటాడకుండా తిన్నాడు. "బాగుందా నాన్నా?" అంటే "బాగుందమ్మా" అన్నాడు. ఆ పిల్ల తన కంచంలోది రెండు ముద్దలు తిన్నాక వంటింట్లోకెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

ఈ ఏడాది ప్రభుత్వం బడులకీ, వాటి చుట్టుపక్కల వీధులకీ భద్రతా గ్రాంటు ప్రకటించింది. స్పీడ్ బ్రేకర్లు, కాలిబాటకి ఇనప కంచె, మెరిసే బోర్డు, పిల్లల్ని దాటించడానికి జీతమిచ్చి ఒక మనిషి. అడిగిన బడులు బోలెడు, ఇచ్చేవి కొన్ని. అందుకని బడులకి మార్కులు పెట్టారు. పిల్లల సంఖ్యకి కొన్ని, రోడ్డు తీరుకి కొన్ని, అన్నిటికన్నా ఎక్కువ జరిగిన ప్రమాదాలకి. అవీ బడి రిజిస్టరులో నమోదై ఉంటేనే. చేతులు కాలినవాళ్ళకే ఆకులు, అదీ కాలినట్టు కాగితం చూపిస్తేనే.

పెద్ద మేడం అంత లోతుగా చదవలేదు. రిజిస్టరు శుభ్రంగా ఉంటే గ్రాంటు దానంతటదే వస్తుందనుకుంది.

"బాబాయ్, రేపు ఆఫీసరుగారొస్తున్నారు. ఆ రిజిస్టర్లు ఇంటికి పట్టుకెళ్ళి అట్టలేసి తీసుకురా. పదకొండేళ్ళు ఒక్క ప్రమాదం లేదంటే మాటలా!" అంది. అన్నాక ఆవిడ మొహం ఒక్క క్షణం ఎలాగో అయింది. గబగబా లోపలికెళ్ళిపోయింది.

సాయంత్రం దీపాలు పెట్టకముందే తండ్రీకూతుళ్ళు నేలమీద కూర్చుని అట్టలు వేస్తున్నారు. ఆయన కాగితం కత్తిరిస్తున్నాడు, ఆ పిల్ల మడతలు పెడుతోంది. ఒక రిజిస్టరు దగ్గర దాని చెయ్యి ఆగింది.

"నాన్నా, ఇది అమ్మకి జరిగిన రోజు."

"ఊఁ."

"'లేవు' అని ఉంది. నీ రాతే."

"సోమవారమే రాసేశాను."

ఆ పిల్ల ఆ గడి వైపే చూస్తూ కూర్చుంది. "అయితే అమ్మకేం కాలేదన్నమాట," అంది. అరవలేదు, ఏడవలేదు. అట్ట మడత సరిగ్గా గోటితో నొక్కి, రిజిస్టరు తండ్రి ముందు పెట్టి, పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ మాట ఆయన్ని ఎక్కడో తాకింది. ఎక్కడో మాత్రం తెలియలేదు. కత్తెర చేతిలో అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

మర్నాడు ఆఫీసరు టేపు పట్టుకుని వచ్చాడు. రోడ్డు కొలిచాడు. మలుపు దగ్గర నిలబడి వచ్చే బళ్ళు చూశాడు. ఒక వ్యాను దూసుకొస్తే గెంతి పక్కకి తప్పుకున్నాడు కూడా. ఆఫీసు గదిలోకొచ్చి రిజిస్టర్లన్నీ తిరగేశాడు.

"మేడం, రోడ్డు చూస్తే నాకే గుండె జారింది. కానీ రిజిస్టరులో ఒక్క ప్రమాదం లేదు. మార్కులు చాలవండీ. ఈసారి మీకు రాదు."

"ప్రమాదాలు లేకపోవడం మంచిదే కదండీ?"

"మంచిదే. లేనప్పుడు గ్రాంటెందుకంటారు పైవాళ్ళు."

పెద్ద మేడం ఏదో అనబోయింది. రిజిస్టరులో ప్రతి నెలా కింద ఉన్న తన సంతకాలు గుర్తొచ్చాయి కాబోలు, కొంగు సర్దుకుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే అదే. ఆఫీసరు కాగితాలు సంచిలో పెట్టుకుంటున్నాడు. మంచినీళ్ళ గ్లాసులు తెచ్చిన గేటు బాబాయ్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"ఒకటుందండీ," అన్నాడు.

"ఏమిటి?"

"ప్రమాదం. ఇక్కడే, గేటుకి ఎదురుగా. మూడేళ్ళయింది."

"ఇందులో లేదే."

"నేనే రాయలేదండీ. వారానికి సరిపడా సోమవారమే రాసేస్తానండీ. అది గురువారం జరిగింది."

ఆఫీసరు సంచి కింద పెట్టాడు. "ఎన్నాళ్ళుగా ఇలా రాస్తున్నావు?"

"పదేళ్ళయిందండీ."

"ఈ సంగతి నేను కాగితం మీద పెడితే నిన్నిక గేటు దగ్గర ఉంచరు. తెలుసా?"

"తెలుసండీ."

"ఎవరికి జరిగింది?"

ఆయన గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "మా ఇంటిదానికండీ," అన్నాడు.

పెద్ద మేడం లేచి నిలబడింది. "నాదీ తప్పే. నేను చదవకుండా సంతకాలు పెట్టాను. అదీ రాసుకోండి," అంది. ఆలస్యంగానైనా అంది, అంతవరకు మెచ్చుకోవాలి.

రిజిస్టరులో ఎక్కకుండా పోయినవి ఆలస్యంగా నమోదు చేసే ఫారం ఒకటి ఆఫీసరు ఇచ్చి రాయమన్నాడు. ఆసుపత్రి కాగితాలు దానికి జత చెయ్యాలట. ఆయన బల్ల దగ్గర కూర్చుని రాశాడు. చోటు: బడి గేటుకి ఎదురుగా. కారణం: పిల్ల చెప్పు కోసం వెనక్కి వెళ్ళింది. అంతవరకూ ముత్యాలే. పేరు అన్న గడి దగ్గర కలం ఆగింది. ఇరవై ఆరేళ్ళు కాపురం చేసి ఆవిడని 'ఇదిగో' అనే తప్ప పేరుపెట్టి పిలిచి ఎరగడు. మెల్లగా రాశాడు. ఆ ఒక్క మాటా వంకరగా వచ్చింది.

గ్రాంటు నాలుగు నెలలకి వచ్చింది. మలుపుకి ఇవతల ఒకటి, అవతల ఒకటి స్పీడ్ బ్రేకర్లు వేశారు. కంచె వచ్చింది. పసుపు బోర్డు వచ్చింది. పెద్ద మేడానికి మెమో వచ్చింది. గేటు బాబాయ్‌ని పక్క పేటలో నీళ్ళ ట్యాంకు దగ్గరికి మార్చారు, అక్కడ రాసే పని లేదు. చెప్పినప్పుడు ఆయనకి బాధనిపించలేదు. స్పీడ్ బ్రేకర్లు చూసినప్పుడు సంతోషమూ కలగలేదు. కూతురు మాత్రం షాపు నుంచి వస్తూ ఆ రోడ్డున దిగి, కాసేపు నిలబడి వచ్చింది.

తాళాలు అప్పగించింది ఒక సోమవారం. కొత్తగా గేటు దగ్గరికొచ్చినావిడ అంతకుముందు బస్సు కండక్టరు. చురుకైన మనిషి, నవ్వు మొహం. తాళాలు నడుముకి దోపుకుని, కొత్త రిజిస్టరు స్టూలు మీద తెరిచి కలం తీసింది.

"రోజూ ఒకటే మాటగా బాబాయ్? ఆరు గళ్ళూ ఇప్పుడే నింపేస్తే ఓ పనైపోతుంది."

ఆయన చటుక్కున రిజిస్టరు లాక్కున్నాడు.

"గురువారం ఏం జరుగుతుందో సోమవారం నీకెలా తెలుసు?" అని అరిచాడు. "చెప్పు! నీకెలా తెలుసు?"

ఆవరణలో ఆడుకుంటున్న పిల్లలు ఆగిపోయారు. గేటు బాబాయ్ అరవడం వాళ్ళెప్పుడూ వినలేదు. ఆయన రిజిస్టరు గుండెకి అదుముకుని స్టూలు మీద కూలబడ్డాడు. మూడేళ్ళుగా రానిదంతా అప్పుడొచ్చింది. సిగ్గూ ఎగ్గూ లేకుండా, ముక్కు కారుతుంటే తుడుచుకోకుండా ఏడ్చాడు. ఆవిడకి ఏమీ అర్థం కాలేదు. అయినా కలానికి మూత పెట్టేసింది.

"సాయంత్రం గేటు వేశాకే రాస్తాలే బాబాయ్," అంది.

ఆయన ట్యాంకు దగ్గరికి వెళ్ళలేదు. సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాడు. బడి వదిలారు. గ్రాంటు డబ్బుతో కొత్తగా వేసిన మనిషి పిల్లల్ని రోడ్డు దాటించాడు. ఆవిడ గేటు వేసి, తాళం పెట్టి, సోమవారం గడి ఒక్కటే నింపింది. ఆయన వంగి చూశాడు. రాత ఏమంత బాగాలేదు. మిగతా ఐదు గళ్ళూ ఖాళీగా ఉన్నాయి.